కిటికీల శాలువా

కవిగారు పోయారని బుద్రి చెప్పినప్పుడు నేను నవ్వాను.

ఏ మూలనో నిలబడి నవ్వడం కాదు. సాలూరు సంత నడిమధ్యన, పట్టపగలు, పిప్పళ్ళ మూటలు దించుకొనే చోట పొట్ట పట్టుకొని నవ్వాను. నా నవ్వుకి బెదిరి ఒక జత ఎడ్లు పలుపులు తెంపుకొన్నాయి. బుద్రి అరకు పైగూడేల మనిషి. ఏటా పిప్పళ్ళూ అడ్డాకులూ నెత్తిన పెట్టుకొని, ఘాటీ దిగి, నేను గుమస్తాగిరీ చేసే సావుకారి కొట్టుకి వస్తుంది.

"ఏటి బావూ అలగ నవ్వుతావు? పాటల తాత పోనాడంతన్నాను" అంది.

"ఈసారి ఎన్నాళ్ళపాటట?" అన్నాను.

దానికి తనూ నవ్వేసింది. పక్కన చింతపండు తూస్తున్నాయన సంగతేమిటో తెలియకుండానే మాతో కలిసి నవ్వి, ఆ నవ్వులో ముల్లు చూసుకోక, బహుశా జన్మలో మొదటిసారి, కొన్నవాడికి ఎక్కువ తూచాడు.

నవ్వక ఏం చెయ్యను? ఆయన అంతకుముందే రెండుసార్లు పోయాడు. మొదటిసారి, తాను పోయినట్టు తానే కబురంపించి, ఎవరెవరు వస్తారో చూద్దామని గుడిసె ముందు కూర్చున్నాడు. నేను చెప్పుల్లేకుండా, దారిలో ఎదురైన పెద్దపులిని కూడా "తప్పుకోవే, తొందరలో ఉన్నాను" అని అదిలించి, ఘాటీ ఎక్కాను. పులి తప్పుకొంది. దాని తోక మాత్రం దాటడానికి నాకు చాలాసేపు పట్టింది. తీరా వెళితే కవిగారు తీరిగ్గా చుట్ట కాలుస్తున్నాడు. "ఇదా రావడం? ఈపాటికి నేను చల్లబడి ఉండేవాణ్ణి" అన్నాడు. రెండోసారి కబురొస్తే నేను వెళ్ళలేదు. దానికి అలిగి, ఏడాది పొడుగునా నన్ను 'పరామర్శకి రాని మిత్రుడు' అనే పిలిచాడు.

అందుకని నవ్వాను. నవ్వుతూ నవ్వుతూ బుద్రి మూట వైపు చూశాను. పిప్పళ్ళు కట్టి తెచ్చిన గుడ్డ ఒకప్పుడు ఎర్రటిది. అంచున జరీ పోగులు రెండు మూడు ఇంకా ప్రాణంతో ఉన్నాయి. గుడ్డనిండా చిల్లులు. పిప్పళ్ళు రాలిపోకుండా లోపల అడ్డాకులు పరిచింది. ఆ చిల్లుల్లో ఒకదాన్ని నేను ఎక్కడున్నా పోలుస్తాను. పదేళ్ళపాటు ఒకే చిటికెన వేలు దూరి దూరి గుండ్రంగా, నున్నగా, గాజులా తయారైన చిల్లు అది.

ఆయన ప్రాణం ఉండగా ఆ శాలువా ఒకరి చేతికి ఇవ్వడు. నా నవ్వు అక్కడ ఆగింది.

ఆ శాలువాకో కథ ఉంది. కవిగారు కొండ కిందనున్నప్పుడు ఒక చిన్న జమీందారు దగ్గర ఆస్థానకవి. ఆస్థానమంటే ఒక పెంకుటిల్లు, ఒక ముసలి ఏనుగు, ఆ ఏనుగుకి మేత పెట్టలేక ఏడ్చే దివానుగారు. దసరాకి కవిగారికి సన్మానం చేసి, పెట్టె అడుగునుంచి తీసిన శాలువా కప్పారు. పురుగులు దాన్ని అప్పటికే తిన్నంత తిని, మిగిలింది కవులకని వదిలేశాయి. సభ అంతా చప్పట్లు కొడుతుంటే కవిగారు లేచి, "ప్రభువుల కీర్తి లోపలికీ బయటికీ ధారాళంగా తిరగడానికి ఈ శాలువాకి కిటికీలు పెట్టించారు. ఇంతటి ముందుచూపు భోజుడికి కూడా లేదు" అన్నాడు. సభ గొల్లుమంది. జమీందారు కూడా నవ్వాడు. నవ్వి, మర్నాడు పొద్దున్నే ఊరు దాటించాడు.

"నవ్వేవాళ్ళని నమ్మకోయ్ గుమస్తా" అనేవాడు నాతో. "కోపమొచ్చినవాడు తిట్టి ఊరుకుంటాడు. నవ్వినవాడు ఇంటికెళ్ళి ఆలోచిస్తాడు."

అప్పటినుంచి ఆయన కొండమీదే. గూడెం చివర ఒక పాక, ఒక కుక్క, ఆ శాలువా. పద్యం వచ్చేముందు చిటికెన వేలు కిటికీలోకి దూరేది. వేలు బయటికి తొంగిచూసిందంటే పద్యం వస్తోందన్నమాట. వెనక్కి పోయిందంటే, పద్యం గుమ్మందాకా వచ్చి మనల్ని చూసి వెళ్ళిపోయిందన్నమాట. ఒక్క ముక్క కాగితం మీద పెట్టేవాడు కాదు. "నా పద్యాలు నాతోనే పోతాయి. పోనీ, ఆ దారిలో తోడుండొద్దూ?" అనేవాడు. కొండమీద ఎందుకు ఉండిపోయారండీ అని అడిగితే, "కింద పద్యం చదివితే అర్థం చెప్పమనేవారు. ఇక్కడ పద్యం చదివితే జీలుగు కల్లు పోస్తారు. ఎవరిది రసికతో నువ్వే చెప్పు" అనేవాడు.

నాకాయన పరిచయమైంది మన్నెం జ్వరం పుణ్యాన. ఏడాదికి ఆరునెలలు మా సావుకారు నన్ను ఆ గూడెంలోని కొట్టులో పడేసేవాడు. అక్కడి దోమల్ని మీరు చూడలేదు. ఒక్కొక్కటీ పావురమంత. రెండు దోమలు పట్టుకుంటే మంచంతో సహా మనిషి లేస్తాడు. వాటిలో ఏదో ఒకటి నన్ను కుట్టింది. నా ఒంటి వేడికి మంచం కింద పెట్టిన చెంబులో నీళ్ళు మరిగాయి. నా చలికి కొట్టు తలుపులు వణికాయి. ఇక నేను పోతానని నాకు ఖాయంగా తెలిసిపోయింది. ఇంట్లో వాళ్ళకి చివరి మాటలుగా ఏం చెప్పి పంపాలా అని కూడగట్టుకొంటుంటే కవిగారు వచ్చి కూర్చున్నాడు. నన్ను కుట్టిన దోమ మీద పద్యం ఎత్తుకున్నాడు. మూడు పాదాలు చదివి లేచాడు.

"నాలుగోది?" అన్నాను, పళ్ళు టకటకలాడుతుంటే.

"రేపు చెబుతాను. అది వినడానికైనా రేపటిదాకా ఉంటావు కదా."

మర్నాడు వచ్చి ఇంకో పద్యం మొదలెట్టి మళ్ళీ మూడు పాదాలే చదివాడు. అలా నా చుట్టూ తోకల్లేని పద్యాలు మందలా పోగయ్యాయి. వాటి తోకలు వినాలన్న కసితో బతికాను. లేచి తిరిగాక అడిగితే, "బతికావుగా, ఇంకెందుకు?" అన్నాడు. నాలుగో పాదాలు ఆయనకి మొదటినుంచీ లేవేమోనని నాకు ఇప్పటికీ అనుమానమే.

ముసలితనం గురించి ఆయన మాట ఒకటి చెబుతాను. "అది వచ్చిందని నాకెవరూ చెప్పలేదోయ్. ఒకనాడు పొద్దున్నే నేను లేచాను, మోకాళ్ళు లేవలేదు. నాకు తెలీకుండా అవి విడిపోయి వేరు కాపురం పెట్టాయి." ఇంకోసారి, రాత్రుళ్ళు మీకు భయం వెయ్యదా అంటే, "భయపడనివాళ్ళు రెండు రకాలు. పోయినవాళ్ళు, పోవడానికి తయారైనవాళ్ళు. మనం మూడో రకం. లేచి గడియ వెయ్యి" అన్నాడు. గడియ నాచేతే వేయించాడు.

ఆ గడియ నిజంగా అవసరమైన రోజులు త్వరలోనే వచ్చాయి. కొండల్లో సర్కారు మీద ఫితూరీ లేచింది. రాజవొమ్మంగి వైపునుంచి రోజుకో కబురు వచ్చేది. ఫితూరీదార్లు ఏ గూడెంలో దిగారో, ఏ దారిన పోయారో ఎవరికీ తెలీదు. తెలిసినవాళ్ళు చెప్పరు. వాళ్ళని పట్టడానికి ఎక్కడెక్కడి ఊళ్ళనుంచో ఒక పటాలాన్ని దింపారు. మన మాట వాళ్ళకి రాదు, వాళ్ళ మాట మనకి రాదు. తుపాకీ మాట మాత్రం అందరికీ వచ్చు. ఆ రోజుల్లో నేను పడ్డ భయాన్ని మూటకట్టి సంతకి తెస్తే మా సావుకారు మేడమీద మేడ కట్టేవాడు. ఆకు కదిలితే పటాలం అనుకొనేవాణ్ణి. కదలకపోతే, ఎందుకు కదలలేదా అని ఇంకా భయపడేవాణ్ణి.

చైత్రం దగ్గర పడుతుండగా ఒకనాడు దండోరా వేశారు. ఘాటీ దారిలో ఎవరైనా చెట్టు కొట్టి పడేసినా, దుంగ అడ్డం వేసినా పటాలం మారుమాట లేకుండా కాలుస్తుంది. దారి కట్టేసి పొదలచాటునుంచి పటాలం మీద పడటం ఫితూరీదార్ల పద్ధతట. దండోరా నేనూ విన్నాను. దుంగ వెయ్యాల్సిన అవసరం నాకెప్పుడూ రాలేదు కనక నిశ్చింతగా పెసరట్టు తిన్నాను. కవిగారు మాత్రం తినలేదు. ఆయన వేలు శాలువా చిల్లులోకి వెళ్ళింది, వచ్చింది, వెళ్ళింది.

"ఏమిటండీ?" అన్నాను.

"చైత్రంలో ఏ పండగోయ్ గుమస్తా?"

అప్పుడు నా గొంతులో పెసరట్టు అడ్డం పడింది.

కొండమీద చైత్రం వేట పండగ. మగవాళ్ళంతా విల్లంబులు పట్టుకొని రోజుల తరబడి అడవికి పోతారు. వాళ్ళు తిరిగివచ్చేదాకా దారి ఆడవాళ్ళది. దారికి అడ్డంగా దుంగ దొర్లించి, చేతులు పట్టుకొని ఆడుతూ పాడుతూ, వచ్చేపోయేవాళ్ళని ఆపి దారి కానుక పుచ్చుకుంటారు. పక్కనే కుండల్లో పేడనీళ్ళు కలిపి ఉంచుతారు. వేటనుంచి వట్టి చేతులతో వచ్చిన మగవాడు ఎంతటివాడైనా సరే, వాడి నెత్తిన ఆ నీళ్ళు పోస్తారు. తాతల తాతలనాటి మర్యాద అది. ఆ దుంగ ప్రతి ఏడూ పడేది ఘాటీ మలుపులోనే. పటాలం దిగేదీ ఆ మలుపులోంచే.

కవిగారు ఆ సాయంత్రమే బుద్రి ఇంటికి వెళ్ళాడు. వెనక నేనూ. ఆడవాళ్ళు వాకిట్లో విత్తనాలు బాగుచేస్తున్నారు.

"బుద్రీ, ఈయేడు దుంగ వెయ్యకండి తల్లీ. పటాలం కాలుస్తుంది" అన్నాడు.

అందరూ ఘొల్లున నవ్వారు. ఆయన నోరు విప్పితే నవ్వడం వాళ్ళకి అలవాటు.

"నిజం చెబుతున్నానర్రా. తుపాకులు" అన్నాడు.

ఇంకా నవ్వారు. ఒక గుంటపిల్ల లేచి, ఆయనలాగే గొంతు వణికించి, "తుపాకులు, తుపాకులు" అంటూ చుట్టూ తిరిగి ఆడింది.

"తుపాకులోడొచ్చినా కానుక ఇచ్చే ఎల్లాల, తాతా" అంది బుద్రి. "దుంగ ఎయ్యకపోతే ఇత్తనం మొలవదు. మొలవకపోతే తినీదేటి, నీ పజ్జాలా?"

ఆమాటకి మామూలుగా అయితే ఆయన పొంగిపోయి కల్లు అడిగేవాడు. ఆరోజు అడగలేదు. పాక దగ్గరికొచ్చాక అన్నాడు: "నిజం చెప్పడానికి ధైర్యం కావాలంటారు. అక్కర్లేదోయ్. నమ్మేవాడొకడు కావాలి. ముప్పయ్యేళ్ళు నవ్వించి నవ్వించి, నమ్మేవాణ్ణి ఒక్కణ్ణీ మిగుల్చుకోలేదు."

మర్నాడు పటాలం విడిదికి బయల్దేరాడు. ఒంటరిగా వెళ్ళనివ్వలేక నేనూ వెళ్ళాను. ఇది ధైర్యమని అనుకోకండి, కొట్టులో ఒంటరిగా ఉండటానికి భయం. పటాలం పెద్ద జమేదారు, మీసాలు తనకంటే ముందు నడిచే మనిషి. ఆ మీసాల మీద రెండు చిలకలు కూర్చోగలవు. కవిగారు దుంగ ఎలా వేస్తారో, ఆడవాళ్ళు ఎలా ఆడతారో, పేడనీళ్ళు ఎలా పోస్తారో నోటితోనూ చేతులతోనూ కాళ్ళతోనూ చెప్పాడు. అరవైయేళ్ళు దాటిన మనిషి నేలమీద పడుకొని తానే దుంగ అయ్యాడు, లేచి తానే ఆడవాళ్ళు అయ్యాడు. జమేదారు బూట్లు టపటపలాడిస్తూ నవ్వాడు. పటాలంలో కొందరు చప్పట్లు కొట్టారు. చివరికి జమేదారు జేబులోంచి ఒక అణా తీసి ఆయన చేతిలో పెట్టి, వెళ్ళమని సైగ చేశాడు.

బయటికొచ్చాక ఆ అణాని అరచేతిలో పెట్టుకొని చూశాడు. "ప్రాణాలు అడిగితే అణా ఇచ్చాడోయ్" అన్నాడు. ఆ మాటకి నాకు నవ్వొచ్చింది. ఆయన నా వైపు చూసిన చూపుకి నవ్వు మింగేశాను.

పండగ మొదలైంది. మగవాళ్ళు అడవికి పోయారు. మలుపులో దుంగ పడిందని పొద్దున్నే తెలిసింది. అదే పూట పటాలం నుంచి మనిషి వచ్చి, మా సావుకారి బండీ ఎడ్లూ కావాలన్నాడు. నెలల తరబడి కొండలు గాలించి ఒక్కడూ దొరక్క, సగంమంది జ్వరంతో పడి, కిందకి వెళ్ళిపోతున్నారట. బండితోపాటు బండి గుమస్తా కూడా రావాలట. నా కాళ్ళు ఒకదాన్నొకటి తొక్కుకున్నాయి. కడుపునొప్పి అన్నాను, కళ్ళు కనపడవన్నాను, నాకు గుమస్తాగిరీ రాదని కూడా అన్నాను. బండి ఎక్కించారు. కవిగారు అడక్కుండానే ఎక్కాడు. ఆయన్ని చూసి జమేదారు మీసాల్లో నవ్వి, దారిలో వేడుకగా ఉంటుందని ఊరుకున్నాడు.

బండిలో రగ్గుల కింద జ్వరం మనుషులు మూలుగుతున్నారు. జమేదారు తట్టువ గుర్రం మీద ముందు. వెనకా పక్కలా తుపాకులు. కవిగారు నా మోచెయ్యి పట్టుకొని కూర్చున్నాడు. ఆయన వణుకు నాలోకి, నా వణుకు ఎడ్లలోకి పాకింది. మలుపు ఇంకా చాలా దూరంలో ఉండగానే పాట వినపడింది. నాకు తెలిసిన పాటే. ఆరోజు మాత్రం అది పొదల్లోంచి మనుషుల్ని పిలుస్తున్నట్టుగా ఉంది.

మలుపు తిరిగాం. దుంగ.

ఆ ఏడు మరీ పెద్దది దొర్లించారు. అరకులోయలో మిగిలిన చెట్లన్నీ దాని పిల్లలేమోనన్నంత పెద్ద దుంగ. జమేదారు చెయ్యెత్తాడు. తుపాకులు భుజాలకెక్కాయి. నేను బండి కిందకి చేరాను. ఎలా చేరానో నాకు తెలీదు. బండి నడుస్తుండగానే చేరి ఉంటాను.

చక్రం ఆకుల సందులోంచి చూశాను. కవిగారు దిగాడు. తుపాకులకీ దుంగకీ మధ్య ఒక్కడే నడిచాడు. "పరుగెత్తండే, కాలుస్తారే" అని అరిచాడు. ఆడవాళ్ళు నవ్వి, ఆయన గొంతులోని వణుకుని పాటలో కలుపుకొని పాడారు. వెనక్కి తిరిగి పటాలంతో "పండగ, పండగ" అన్నాడు. వాళ్ళు కదల్లేదు. చిటికెన వేలు చిల్లులోకి వెళ్ళింది. ఇంతకాలం ఏ సభలోనూ తడుముకోని మనిషి కదా, ఏదో ఒకటి వస్తుంది అనుకున్నాను. వేలు వచ్చింది, వెళ్ళింది, వచ్చింది. ఏమీ రాలేదు.

అప్పుడాయన వెళ్ళి దుంగ మీద కూర్చున్నాడు. తుపాకుల వైపు ముఖం పెట్టి, ఆడవాళ్ళకి అడ్డంగా, శాలువాని రెండు చేతులా చాపాడు. ఆ చిల్లుల్లోంచి వెలుతురు కనపడుతోంది. గుండు ఆగే మాట అటుంచి, కందిరీగ కూడా ఆగదు అందులో.

"బుద్రీ" అన్నాడు నెమ్మదిగా. "వేట దొరకలేదమ్మా. వట్టి చేతులతో వచ్చాను."

ఈ మాట మాత్రం బుద్రికి అర్థమైంది. ఇది మర్యాదకి సంబంధించిన మాట. ఇంక నవ్వుతూ నిలబడితే కుదరదు. కుండ ఎత్తింది. ఆయన నెత్తిన ఒంపింది.

పేడనీళ్ళు తలమీదనుంచి, కళ్ళజోడు మీదనుంచి, గడ్డం మీదనుంచి, ప్రభువుల కీర్తి తిరిగే కిటికీలన్నిట్లోంచి ధారలు కట్టాయి. కవిగారు కళ్ళు మూసుకొని, పట్టాభిషేకం చేయించుకుంటున్న రాజులా కదలకుండా కూర్చున్నాడు. దారి మీద పాట ఆగిపోయింది. అప్పుడు నా నెత్తిమీద, బండిలో, రగ్గు కిందనుంచి జ్వరంతో ఉన్న ఒక కుర్ర జవాను తల బయటపెట్టి చూసి, కిసుక్కున నవ్వాడు. వాడి ఊళ్ళో కూడా ఇలాంటి ముసలాడొకడు ఉండి ఉంటాడు. వాడి నవ్వు పక్కవాడికి అంటుకుంది. తుపాకులు ఒక్కొక్కటే దిగాయి. జమేదారు చెయ్యి దించి, ఆ చేత్తోనే మీసం తుడుచుకున్నాడు.

అయిపోయిందనుకొని నేను బండి కిందనుంచి తల బయటపెట్టాను. అప్పుడు బుద్రి రెండో కుండ ఎత్తుకొని సరాసరి జమేదారు తట్టువ దగ్గరికి నడిచింది.

"ఈలేటి ఏటాడొచ్చారు, తాతా?" అంది. "ఇన్నాళ్ళు అడివంతా తిరిగారు గదా. ఏటి పట్టుకొచ్చారు?"

నేను మళ్ళీ బండి కిందకి వెళ్ళిపోయాను.

మీకు అర్థమైంది కదా. నాకూ అర్థమైంది. కవిగారికి అందరికంటే ముందు అర్థమైంది. పేడ కారుతున్న ఆ ముఖం ఒక్కసారి వెలిగింది. చిటికెన వేలు చిల్లులోంచి నిక్కి నిలబడింది. నెలల తరబడి మనుషుల్ని వేటాడి వట్టి చేతులతో వస్తున్న పటాలం, చేతిలో కుండతో బుద్రి. ఇంతకంటే గొప్ప మాట ఏ కవికీ జన్మలో దొరకదు. ఒక్కటంటే ఒక్కటి అనేస్తే, కొండలు నూరేళ్ళు చెప్పుకుంటాయి. ఆ మాట ఆయన పెదవి దాకా రావడం నేను కళ్ళారా చూశాను.

వేలు నెమ్మదిగా లోపలికి వెళ్ళిపోయింది.

"వాళ్ళు వేటగాళ్ళు కాదమ్మా. జ్వరం మనుషులు. ఇళ్ళకి పోతున్నారు" అన్నాడు. "వాళ్ళ వంతు కూడా నామీదే పొయ్యి."

బుద్రి ఒక్క క్షణం ఆలోచించి, వెనక్కి వచ్చి పోసింది. పటాలంలో ఎంతమంది ఉన్నారో అందరి వంతూ ఆయన ఒక్కడే పోయించుకున్నాడు. కుండలు ఖాళీ అయ్యాక గుంటపిల్లలు దుంగని పక్కకి దొర్లించారు. దారి కానుక కింద కవిగారు జమేదారిచ్చిన అణానే తీసి బుద్రి చేతిలో పెట్టాడు. బండి కదిలింది. వెనక మళ్ళీ పాట మొదలైంది.

ఘాటీ దిగుతుంటే ఆయన పళ్ళు టకటకలాడుతూనే నా చెవిలో అన్నాడు:

వేటకెళ్ళి వట్టి వేళ్ళతో వచ్చాను
పేడనీళ్ళ కుండ పిల్ల వంచె
కనకజలము కాదు కానిమ్ము నాకిదే

"వట్టి చేతులు కదండీ" అన్నాను.

"చేతులకి యతి కుదరదోయ్, వేళ్ళతో సరిపెట్టుకో."

"నాలుగో పాదం?"

ముందు పోతున్న తట్టువ వైపు చూశాడు. "అది మింగేశాను. జమీందారు దగ్గర కక్కిన మాట నన్ను కొండెక్కించింది. మన మాట రానివాడికైనా, తనని చూసి నవ్వుతున్నారని తెలిసిపోతుంది. ఇది కక్కితే బుద్రిని ఎక్కడికి పంపేదో" అన్నాడు. ఆ తరవాత ఫితూరీ చల్లారింది, పటాలం వెళ్ళిపోయింది, ఎవరూ వినేవాళ్ళు లేని చోట కూడా ఎన్నోసార్లు అడిగాను. చెప్పలేదు. ఆనాడు పట్టిన దగ్గు మాత్రం ప్రతి చలికాలం వచ్చి పలకరించి పోయేది. దగ్గినప్పుడల్లా, "అదిగో, నాలుగో పాదం బయటికి రావాలని చూస్తోంది" అనేవాడు.

అప్పటినుంచి ఏటా చైత్రంలో, దుంగ పడిన క్షణంనుంచి మగవాళ్ళు వేట తెచ్చేదాకా, కవిగారు వెళ్ళి దానిమీద కూర్చొనేవాడు. ఇదేదో వేడుక అని గూడెం వాళ్ళు అనుకున్నారు. పూల దండలు కూడా వేసేవారు. నాతో మాత్రం అన్నాడు: "వేడుకా లేదు, నా బొందా లేదు. భయం. ఏ మలుపులోంచి ఎవడు వస్తాడో. దుంగ మీద ముసలాడు కనిపిస్తే కాల్చేముందు ఒకసారి ఆలోచిస్తాడు. ఆలోచనలో పడ్డవాడికి తుపాకీ బరువెక్కుతుంది."

ఇదంతా సంతలో నిలబడి తలచుకోలేదు నేను. అక్కడ నాకు తోచిన మాట ఒక్కటే. "ఎలా జరిగింది బుద్రీ?" అన్నాను.

"పొద్దున్నే నెగిసి, బుద్రీ నాను ఎల్తన్నానే అన్నాడు. ఎక్కడికి తాతా అంటే, నాలుగో పాదం ఎతకడానికి అన్నాడు. నవ్వినాం. అంబలి కాసి పిలిస్తే పలకనేదు. అప్పుడూ నవ్వినాం, బావూ. మళ్ళీ ఏసం ఏత్తన్నాడు అనుకున్నాం. మద్దినేళ దాకా నవ్వుతానే ఉన్నాం." మూట ముడి విప్పి, మళ్ళీ కట్టింది. "కుక్క నవ్వనేదు."

చింతపండు తూచేవాడు కూడా తూకం ఆపాడు.

"మలుపుకాడ కొత్త ఠాణా కట్నారు" అంది బుద్రి. "కొత్త మనుసులు. మన మాట రాదు. సైత్రం వచ్చేత్తంది. ఈయేడు దుంగ మీద ఎవులు కూకుంటారు?"

నేను పిప్పళ్ళ వైపు చూశాను.

"నువ్వు రా బావూ. తాత సేసిందంతా బండి కింద తొంగుని సూసినోడివి నువ్వే గదా."

నాకు మోకాళ్ళనొప్పి అన్నాను. సావుకారు సెలవివ్వడన్నాను. పైగా తుపాకీ చూస్తే నాకు కాళ్ళలోంచి ప్రాణం జారి చెప్పుల్లోకి పోతుందనీ, ఆనాడు బండి కిందే సగం పోయాననీ, మిగిలిన సగంతో ఇంతకాలం నెట్టుకొస్తున్నాననీ చెప్పాను. అక్షరం అక్షరం నిజమే చెప్పాను. బుద్రి కళ్ళు తుడుచుకుంటూనే నవ్వింది.

"నువ్వూ తాతలాగే మాటాడతావు బావూ" అంది. మూటలోని పిప్పళ్ళు కొట్టులో పోసి, శాలువా దులిపి, మడతపెట్టి నా చేతిలో పెట్టి వెళ్ళిపోయింది.

ఇంటికొచ్చి, ఒక పాత పంచె వెతికి విడిగా పెట్టమని మా ఆవిడతో చెప్పాను. మరక పడినా ఫరవాలేనిది.

"దేనికండీ?" అంది.

"ఘాటీ మలుపులో దుంగ మీద కూచోడానికి. పేడనీళ్ళు పోస్తారు. అంతకుముందే ఎవరైనా కాల్చేస్తే పంచె సంగతి ఆలోచించక్కర్లేదు."

ఆవిడ నవ్వుకుంటూ పంచె వెతకడానికి లోపలికి వెళ్ళింది.